దిష్టి తీసిన డిస్కు

సరిహద్దు అవతల ఒక టీ దుకాణంలో మన గూఢచారి కప్పును పెదవి దాకా తెచ్చాడు. తాగలేదు. తూటా ముందు చేరింది.

ఆ కబురు అందేసరికి హిందూపురంలో 2003 ఎండలు భగ్గుమంటున్నాయి. బెల్లం మండీ వెనక గది తలుపును ఏజెంట్ మసూద్ తట్టాడు.

"పాకం కుదిరిందా?" లోపలి నుంచి ప్రశ్న.

"ఇంకా తీగ రాలేదు."

తలుపు తెరుచుకుంది. చీఫ్ గిరి ముఖం మాడిపోయి ఉంది.

"ముగ్గురు పోయారు, మసూద్. మనవాళ్ల పేర్లన్నీ పెనుకొండ సర్వర్‌లో ఉన్నాయి. దాని ఫైల్ సిస్టమ్ మాటిమాటికీ కరప్ట్ అవుతోంది. డిస్కు మార్చినప్పుడల్లా అవతల ఒకడు చస్తున్నాడు. మొన్న కొత్త పేరు ఎక్కించాం."

"ఎవరిది?"

"మీ తమ్ముడు అబ్దుల్లాది."

మసూద్ బైకు తాళం అందుకున్నాడు.

పెనుకొండ కొండ కింద వేరుశనగ గోడౌన్ బోర్డు తగిలించుకున్న భవనం. UPS మెకానిక్ వేషంలో లోపలికి వెళ్లాడు. సర్వర్ బాధ్యత రేష్మది. డిపార్ట్‌మెంట్ మనిషే, పైకి బెంగళూరు ఇంజినీర్. ఆమె నల్లకళ్లద్దాలు తీస్తే ఏసీ మిషన్‌కు కూడా చెమటలు పడతాయని గార్డులు ఒట్టేసి చెబుతారు. పాత డిస్కు చచ్చిందంటూ ఆ మధ్యాహ్నమే కొత్తది బిగించి, బ్యాకప్ ఎక్కించి వెళ్లిపోయింది.

మసూద్ స్క్రీన్ చూశాడు. కొత్త డిస్కులోనూ అవే ఎర్రర్లు.

వరసపెట్టి ఇన్ని డిస్కులు చెడవు. దోషి డిస్కు కాదు. కేబుల్ మార్చాడు. ఎర్రర్లు ఆగిపోయాయి. పాత కేబుల్ కనెక్టర్ చీల్చితే, ఆవగింజంత చిప్! డిస్కులోంచి వచ్చే డేటాను దారిలోనే చెడగొడుతోంది. అంటే చచ్చాయనుకున్న డిస్కులన్నీ నిక్షేపంలా ఉన్నాయి. చిన్న కాపీని కూడా బయటికి పోనివ్వని గార్డుల గేటు, చచ్చిన డిస్కును ఆపదు.

అటెండర్ మారప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, పాత డిస్కులు యాడ పెట్నావు?" మసూద్ అడిగాడు.

"పెట్టేదేందబ్బా! గుమ్మడికాయతో పాటు మిషన్‌కు దిష్టి తీసి, ధర్మవరం దోవలో పారేసినా. మూడు దోవలు కలిసేకాడ. ఎనక్కి తిరిగి సూడలే."

"సుత్తితో పగలగొట్టాల కదా?"

"దిష్టి తగిలిన వస్తువును ఈడ పగలగొడితే కొత్తదానికీ అంటుకుంటాదని రేష్మమ్మే సెప్పె. నిజమే కదా మరి!"

"ఎవురన్నా ఎత్తుకుపోతే?"

మారప్ప పకపకా నవ్వాడు. "దిష్టి తీసిందాన్ని ఎవుడు ముట్టుకుంటాడబ్బా? నీకేమన్నా పిచ్చా? ఇప్పుడే ఇంగోటి పారేసి వస్తాండా."

మసూద్ బైకు గాలికే గాలి చాలనంత వేగంతో దూకింది. మూడు దారుల మధ్య గుమ్మడికాయ ముక్కలు కుంకుమతో ఎర్రగా, తడిగా ఉన్నాయి. డిస్కు లేదు. కారు టైర్ల గుర్తులు ధర్మవరం వైపు తిరిగాయి.

ధర్మవరం జంక్షన్. రైలు కదలబోతోంది. పట్టుచీరల పెట్టెలు మోసే ఆడవాళ్ల గుంపులో ఒక పెట్టె మీది వేళ్లకు తడి కుంకుమ అంటి ఉంది.

"రేష్మా! పెట్టె దించు."

ఆమె నవ్వింది. "ఆలస్యంగా వచ్చారు, మసూద్."

చేతిలోని లిప్‌స్టిక్ పేలింది. తూటా అతని భుజాన్ని చీల్చింది. రైలు కదిలింది. తలుపులోంచి గ్లవ్స్ తొడిగిన ఒక చెయ్యి పెట్టె కోసం సాగింది. వేళ్లు తగిలేలోపు మసూద్ పెట్టెను లాగేశాడు. రేష్మ పెట్టెను వదిలి రైలెక్కబోయింది. పట్టుచీర కుచ్చెళ్లు కాలికి అడ్డం పడ్డాయి. ఆమె రైలు కిందికి జారింది. రైలు ఆగలేదు.

గ్లవ్స్ మనిషిని మనవాళ్లు అనంతపురంలో రైలు దించి పట్టుకున్నారు. డిస్కును మసూద్ ధర్మవరంలోనే రైలు పట్టా మీద పెట్టి రాయితో నుజ్జుచేశాడు. కింద పడి ఉన్న నల్లకళ్లద్దాల వైపు చూడలేదు.

మర్నాడు సరిహద్దు అవతల నుంచి అబ్దుల్లా మెసేజ్ వచ్చింది.

"అన్నా, ఈడ ఏమీ జరగడం ల్యా. ఊరికే కూచోని కాళ్లు తిమ్మిరెక్కుతాండాయి. ఇంగేదన్నా మంచి పోస్టింగ్ ఇప్పియ్యి."

కట్టు కట్టిన భుజాన్ని మెల్లగా కదుపుతూ మసూద్ జవాబు కొట్టాడు.

"కాళ్లు సాపుకోని కూచో."