కలిపేసిన జీనోమ్

"ఉదయ్ కుమార్ గారూ, మీ ప్రోగ్రామ్‌కు మా అమ్మ రాసిన కిరాణా చీటీ ఇచ్చినా అండ్ల ఆర్ఎన్ఏ స్విచ్ దొరుకుతది."

నారాయణగూడ ల్యాబ్‌లో నిహారిక ఆ మాట అనగానే మీటింగంతా నవ్వింది. గైడ్ శ్రీపతి గారు కూడా మీసం చాటున నవ్వారు. ఉదయ్ ఒక్కడే నవ్వలేదు.

తప్పు అతనిదేనని నిహారిక తీర్పు. జన్యువుకు ముందుండే చిన్న ఆర్ఎన్ఏ ముక్క మడతపడి, ఆ జన్యువును స్విచ్‌లా ఆన్, ఆఫ్ చేస్తుంది. అలాంటి ముక్కల్ని బ్యాక్టీరియా జీనోముల్లో, అంటే వాటి జన్యు అక్షరాల వరుసల్లో, కంప్యూటర్‌తో వెతకడం ఇద్దరి పని. ఈ మహానుభావుడేం చేశాడు? ఉత్త అక్షరాల పోలిక చూసి, స్విచ్‌లు కుప్పలుతెప్పలుగా దొరికాయని స్లైడ్ వేశాడు. నిహారిక అదే జీనోమ్ అక్షరాలను పేకముక్కల్లా కలిపేసి అతని ప్రోగ్రామ్‌కే ఇచ్చింది. అర్థం పర్థం లేని ఆ కలగూరగంపలోనూ దాదాపు అన్నే దొరికాయి.

సాయంత్రాలు చిక్కడపల్లి లైబ్రరీలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. మర్నాటి నుంచి అతను రావడం మానేశాడు. పీడ విరగడైంది అనుకుంది నిహారిక. అనుకుని, ఎదురు కుర్చీలో తన బ్యాగు పెట్టింది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే గ్రూప్స్ వీరుడెవరో ఖాళీయేనా అని అడిగితే, "మనిషి వస్తడు" అని కసిరింది.

మనిషి రాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపన్నా ఆమెకు చిన్నచూపే.

చివరికి ఓ శనివారం వచ్చాడు, గడ్డం పెంచుకుని, అదేదో ఘనకార్యమైనట్టు. బయట చాయ్ బండి దగ్గరికి పిలిచి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఇప్పుడు ఉత్త అక్షరాలు చూస్తలేను. మడతల ఎదురెదురుగున్న జతలు చూస్తున్న. వేరే బ్యాక్టీరియాల ఒకవైపు అక్షరం మారితే, రెండోది దానికి తగ్గట్టు మారి జత నిలబడాలె. గట్లయితెనే లెక్క."

"షఫుల్ చేసి చూసినవా?"

"నువ్వే చెయ్."

చేసింది. కసిగా, మళ్లీ మళ్లీ చేసింది. కలిపేసిన జీనోమ్‌లో ఒక్కటీ దొరకలేదు. అసలు జీనోమ్‌లో దొరికినవి కొన్నే గానీ, గట్టివి. వెక్కిరించడానికి ఏమీ మిగల్లేదు.

"పర్లేదు," అంది. ఆమె నోట ఆ మాట శాలువా కప్పడంతో సమానం.

చినుకులు మొదలయ్యాయి. ప్రేమకథల్లో వానకుండే మర్యాద ఈ వానకు లేదు, నేరుగా కీబోర్డు మీద పడింది.

"ఇంకొకటి చెప్పాలె," అన్నాడు ఉదయ్, ల్యాప్‌టాప్‌ను చొక్కా కిందికి తోస్తూ. "నువ్వంటే నాకిష్టం."

"లైబ్రరీల ఫ్యాన్ కింద చల్లగ కూసుంటే అందరికీ ఏదో ఒకటి అనిపిస్తది. దీనికి పోల్చి చూసెటందుకు కంట్రోల్ ఉన్నదా?" ఎగతాళిగానే అంది గానీ, వాన పడుతున్నా అక్కణ్నించి కదల్లేదు.

"ఉన్నది. ఎండాకాలంల మీ అక్క పెళ్లికని నువ్వు కరీంనగర్ పోయినవ్ కదా. వారమంతా వచ్చిన. గదే బల్ల, గదే ఫ్యాన్, గదే చాయ్. ఒక్క నువ్వే లేవు. ఎంత దేవులాడినా ఏం దొరకలే."

నిహారిక అతని గ్లాసు లాక్కుని ఓ గుక్క తాగింది. చల్లారిన చాయ్, పైగా చక్కెర పాకం. మొహం చిట్లించింది.

"ఒక్కసారి చేస్తే ఎవ్వరు నమ్మరు. మళ్ల చెయ్యాలె."

ఉదయ్ మొహం పాలిపోయింది. "మళ్ల ఊరికి పోతవా?"

"నేను లేనిది అయిపోయింది కదా. ఇప్పుడు నేనున్నప్పటిది చెయ్. రోజూ." ఆమె లేచి లైబ్రరీ వైపు నడిచింది. "నీ కుర్చీల నా బ్యాగున్నది. తీసి కూసో."