మాంసం మూటతో వచ్చిన అతిథి

"చాలమ్మా, చాలు! వియ్యాలవారు గడపలోకి వచ్చే వేళయింది, ఇంకా ఆ పెట్టె ముందేనా నువ్వు!"

జూరకాన్ లాప్‌టాప్ మూత టప్పున వేసేసింది. కోడలు ఐసాల్కిన్ పిండి అంటిన చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకుంది. మూడు రోజులుగా ఆ కళ్ళకు సరైన నిద్ర లేదు! తెల్లవారుజామున ఆవు పాలు పితికి, పిల్లకు తినిపించి, గొర్రె మాంసం పొయ్యిమీద పెట్టి, మధ్యమధ్య పరుగెత్తుకొచ్చి ఆ తెరమీద తప్పు చూపే ఎర్రటి అక్షరాలు చూస్తోంది. బిష్కెక్‌లోని ఆఫీసు వాళ్ళు నెల రోజులు పరీక్షగా పని ఇచ్చారు. ఈరోజే ఆఖరు. నాలుగింటికల్లా తను రాస్తున్న ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం నడవకపోతే ఆ పని వేరొకరికి పోతుంది...

"ఏమైందే దానికి?" అంది అత్త. కసురుదామనే మొదలుపెట్టింది గాని, ఆ ముఖం చూశాక గొంతు తగ్గింది.

"ఎలా చెప్పను అత్తమ్మా... కంపెనీల వాళ్ళు తమ పనుల్లో వచ్చే చిక్కులన్నీ రాసిపెట్టుకునే పెద్ద ప్రోగ్రాం ఒకటుంది. అది ఇల్లనుకోండి. నేను రాసేది దాంట్లోకి వచ్చే అతిథి. అతిథి తనంతట తాను లేచి ఏదీ తీసుకోకూడదు. కావలసింది అడగాలి, ఇల్లే తెచ్చి చేతికివ్వాలి."

"మర్యాదే కదా! విందులో ఏ ఎముక ఏ అతిథికో ఇంటివాళ్ళే పంచాలి."

"అదే! నాది అడుగుతోంది. ఇల్లేమో 'అలాంటిది మా దగ్గర లేదు' అంటోంది. ఉంది అత్తమ్మా! నా కళ్ళతో చూస్తున్నా!"

వంటింటి గుమ్మంలో, విందుకని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ తుర్సునాయ్ కిసుక్కున నవ్వింది. "ఇనుప డబ్బాతో కూడా మాట పడుతోంది మన కోడలు!"

జూరకాన్ నవ్వలేదు. "మీ పెదనాన్న పెళ్ళాం ఒకతి ఉండేదే తుర్సునాయ్! ఎక్కడికెళ్ళినా తన మాంసం తానే మూటగట్టుకెళ్ళేది. మనం వడ్డించింది పక్కకు నెట్టి, మూట విప్పి, ఇదీ మాంసమంటే అనేది. ఉడికిందీ గొర్రే, తెచ్చిందీ గొర్రే! అయినా ఆవిడకు మనది ఆనేది కాదు... కోడలా, నీ అతిథి కూడా అలా ఏమైనా చంకన పెట్టుకొచ్చిందేమో చూడు."

ఐసాల్కిన్ చేతులు ఆగిపోయాయి.

మూత తెరిచింది. తన ప్లగిన్ కట్టను విప్పి చూసింది. ఉంది! ఇల్లు ఇవ్వవలసిన భాగానికే ఒక నకలు ఆ కట్టలో మూటగట్టి ఉంది. అతిథి ఆ నకలును చూపి ఇదే కావాలంటోంది. ఇంటి దగ్గరున్నది అసలుది. చూడటానికి రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం వేరు వేరు. మొదటిరోజు, ఎందుకైనా మంచిదని, తన చేతులతో తానే పెట్టింది...

"నేనే పెట్టానత్తమ్మా! ఇల్లు ఇస్తుందో ఇవ్వదోనని..."

జూరకాన్ ఆమెకేసి చూసింది. "ఇంట్లో కూడా నువ్వంతే! ఈ మూడు రోజుల్లో ఒక్క గంట పిల్లను పట్టుకోమని నన్నడిగావా?"

"అడిగితే ఏమంటారోనని..."

"నేనూ అడగలేదే!" అంది ముసలామె. "టెలిఫోన్ ఆఫీసులో ఆరేళ్ళు చేశాను. మా అత్త చాలంది, చాలనుకున్నాను. ఇంకొన్నాళ్ళు చేస్తానని నోరు తెరిచి అడగలేదు... ఇవాళ నీకు అదే మాట అన్నాను చూడు!"

ఐసాల్కిన్ తలవంచుకుంది. కన్నీళ్ళు టపటపా రాలాయి.

"ఏడుపు తర్వాత. ముందు ఆ మూట తీసెయ్. తుర్సునాయ్, మాంసంలోకి ఒత్తిన పిండిని సన్న పీలికలుగా నువ్వు కొయ్యి!"

"పుట్టింటికొచ్చి నేను పిండి కొయ్యాలా?"

"పుట్టింటికొస్తే చేతులు ఊడిపోతాయా?"

నకలును కట్టలోంచి తీసేసి, 'ఇది ఇల్లే ఇస్తుంది' అని ఆ భాగం పక్కన ఒక్క మాట చేర్చింది ఐసాల్కిన్. మళ్ళీ మొదలుపెట్టింది. యంత్రం లేవడానికి పావుగంట పట్టింది. వియ్యాలవారు వచ్చారు, కూర్చున్నారు. ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు! మూడున్నరకు ఆఫీసు నుంచి జవాబు: "నడిచింది. సోమవారం నుంచి పర్మనెంట్."

ఆమె లేచి వడ్డనకు వెళ్ళాలనుకుంది. పరుపుల దొంతరకు ఆనుకుంది. అంతే...

తుర్సునాయ్ వచ్చి చూసి నివ్వెరపోయింది. "అయ్యో! చుట్టాలుండగా కోడలు నిద్రపోతోందమ్మా!"

జూరకాన్ మనవరాలిని చంకకెత్తుకుంది.

"మెల్లగా మాట్లాడవే," అంది.