మాటలొద్దన్న పెద్దమనిషి

గోవిందయ్య ముఖం కడుక్కుని వచ్చేసరికి అరుగు మీద సంగటి ఉంది, పెట్టిన మనిషి లేదు. ఎనిమిది రోజులుగా ఇదే వరస. శేషమ్మ మొగుడికి చెప్పాల్సిందంతా పెరట్లో మేకకు చెబుతోంది. "పప్పు అడుగంటింది, తినేవాళ్లు తింటారు" అని దాంతో అంటే ఈయన వినాలి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయనకు ఆ చిన్న పూరికొట్టం ఇంత బోసిగా ఎన్నడూ అనిపించలేదు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత. చైనాతో యుద్ధం వచ్చినప్పటి నుంచీ గిద్దలూరు దగ్గరి ఆ ఊళ్లో పంచాయతీ రేడియో ముందు రోజూ వాదనే. కూర్చుని మాట్లాడుకోవాలని బడిపంతులు సంజీవరావు అంటే, "మాటల్లేవు గీటల్లేవు, తుపాకే!" అని గోవిందయ్య తొడ కొట్టాడు. ఆ సంగతి ఇంటికి చేరిన రోజు నుంచే శేషమ్మ ఆయనతో మాట మానేసింది. ఒక్కగానొక్క కొడుకు నరసింహులు ఆ యుద్ధం జరిగే మంచుకొండల్లోనే సిపాయిగా ఉన్నాడు. ఉత్తరం వచ్చి నెల దాటింది.

ఆ ఉదయం ఇద్దరు గొర్రెల కాపరులు ఊరి పెద్దమనిషని ఆయన దగ్గరికి తగువు తెచ్చారు. మందలు కలిసిపోయి ఒక పిల్ల ఎవరిదో తేలక కర్రలు ఎత్తారట.

"కర్రలు కింద పెట్టండ్రా," అన్నాడు గోవిందయ్య. "తల్లుల్ని చెరో దిక్కు నిలబెట్టి పిల్లను వదలండి. అది యాడికి పోతే వాళ్లదే."

పిల్ల తిన్నగా పోయి తల్లి పొదుగు కుమ్మింది. "నీ మాటే మాట మామా," అంటూ వాళ్లు వెళ్లిపోయారు.

శేషమ్మ గడప దాటి వచ్చింది. ఈసారి మేకతో కాదు.

"గొర్రెపిల్లకైతే కర్రలు దించమంటివే. నా బిడ్డకైతే మాటలొద్దంటివి. ఏందయ్యా నీ న్యాయం?"

"అది దేశం సంగతి..."

"దేశానికి నోరు లేదా? కూచోని మాట్లాడితే ఏం పోతాది?"

"మాటలతో తీరేదే అయితే..." ఆయన అరుగు మీద కూర్చున్నాడు. "వద్దని నువ్వు కాళ్లు పట్టుకున్యా, నేనే దగ్గరుండి వాణ్ణి పటాలంలో చేర్పిస్తిని. మాటలతో తీరేదానికి నేను బిడ్డను పంపినానా శేషమ్మా? ఆ తలపు తట్టుకోలేకనే అట్ల అరుస్తాండా."

ఆమె పక్కన కూలబడింది.

"నీకు భయమే లేదనుకుంటిని. నేనొక్కదాన్నే భయపడతాండానని ఇన్నాళ్లూ..."

గోవిందయ్య ఆమె భుజం మీద తల ఆనించి బావురుమన్నాడు. వీధిలో ఎవరో పోతున్నా ఆపుకోలేదు.