ఆరిపోయిన ఎయిర్‌బ్యాగ్ దీపం

ఆ ఉదయం కొచబాంబా నగరం మీద ఆకాశమే కనిపించలేదు. తూర్పున తగలబడుతున్న అడవుల పొగ తునారి కొండను నడుము దాకా మింగేసింది. సూర్యుడు మాసిన ఇత్తడి బిళ్ళలా వేలాడుతున్నాడు.

ఏజెంట్ లింబెర్ట్ ఒకంపో కార్ల ఎలక్ట్రీషియన్ వేషంలో షెడ్డు షట్టర్ ఎత్తాడు. వేషమనడం పూర్తి నిజం కాదు. సీక్రెట్ సర్వీసులో చేరకముందు అతని బతుకుతెరువు అదే.

బ్రీఫింగ్ నెల క్రితం జరిగింది.

"వాళ్ళ టార్గెట్ ఇంజనీర్ దోన్యా ఓర్తెన్సియా," అన్నాడు చీఫ్. "లిథియం ఒప్పందం మీద సంతకం పెట్టనంటోంది. ఓ విదేశీ ముఠా ఆమెను కారులోనే లేపేయాలని చూస్తోంది. ఆమె డ్రైవరు మార్లేనేను ముఠాయే పెట్టింది. మార్లేనే మన ఏజెంటని వాళ్ళకు తెలీదు."

"ఆమె నుంచి నాకు కబురెలా?"

"నువ్వే చెప్పు, మాస్త్రో. కార్ల పనివాడివి నువ్వేగా."

అతనే చెప్పాడు. కారులో బాంబు పెడితే మార్లేనే ఎయిర్‌బ్యాగ్ వైరు కత్తిరిస్తుంది. ఎర్రదీపం వెలుగుతుంది. రిపేరు వంకతో కారు షెడ్డుకొస్తుంది. అతను స్కానర్‌లో లోపం కోడ్ చూసి, బాంబు తీసేస్తాడు. దీపం ఆరితే దారి క్లియర్. ఎవరూ నోరు విప్పనక్కర్లేదు.

ఇప్పుడా కారు గుమ్మంలో ఆగింది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళు, ఎత్తుమడమల చెప్పులతో మార్లేనే దిగింది. వెనకే ముఠా కాపలావాడు, దున్నపోతు మెడవాడు.

"మళ్ళీ దీపం, మాస్త్రో! నీ రిపేరు నాలుగు రోజులైనా ఆగదేమయ్యా?"

"జపాను కారమ్మా! స్టీరింగు కుడి నుంచి ఎడమకు మార్చాక వైర్లు ఎవడు సరిగ్గా కలిపాడు? ఊళ్ళో ఈ దీపం వెలగని కారొకటి చూపించు!"

మెడవాడు పకపకా నవ్వాడు.

ఈ దీపం ఇంతకుముందు రెండుసార్లు వెలిగింది. రెండుసార్లూ కారంతా విప్పితే దొరికింది వదులైన వైరే. టంకం పెట్టాల్సిన చోట లింబెర్ట్ వైరు మెలిపెట్టి టేపు చుట్టాడు.

స్కానర్ తగిలించాడు. అదే కోడ్. నా టేపే ఊడి ఉంటుందనుకున్నాడు. కోడ్ చెరిపాడు. దీపం మళ్ళీ వెలిగింది. విసుగ్గా మీటరు అద్దం విప్పి, బల్బు పీకేశాడు.

ఆరిన దీపం చూసి మార్లేనే గుండెల నిండా ఊపిరి పీల్చింది.

"వెళ్ళొచ్చా, మాస్త్రో?"

"హాయిగా వెళ్ళమ్మా."

"నాకు వేరే పనుంది," అంటూ మెడవాడు టాక్సీ ఎక్కేశాడు. మార్లేనే ఇంజనీరమ్మ ఇంటివైపు కారు తిప్పింది.

లింబెర్ట్ చీపురు పట్టాడు. కారు నిలిచిన చోట చిన్న పసుపు ఎయిర్‌బ్యాగ్ వైరుముక్క కనిపించింది. ఊడిన వైరైతే కొసలు చీలి ఉండాలి. దీనికి రెండు కొసలూ నున్నగా తెగి ఉన్నాయి. పక్కన రవ్వంత ఎర్ర గోళ్ళరంగు.

కారులో బాంబు ఉందన్నమాట! చీపురు విసిరేశాడు. మరుక్షణం మోటార్‌సైకిల్ మీదున్నాడు.

ఇంజనీరమ్మను ఎక్కించుకున్న కారు సకాబా దారిలో సొరంగం ముందు కనిపించింది. దాన్ని దాటి బండిని అడ్డంగా పడేశాడు. బ్రేకులు కీచుమన్నాయి. మార్లేనే చెయ్యి హెడ్‌లైట్ స్విచ్ మీదే ఆగింది. లింబెర్ట్ బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకాడు. తర్వాత డ్యాష్‌బోర్డు కిందకు దూరాడు. బాంబు తీగ హెడ్‌లైట్లను వెలిగించే రిలేకే కట్టి ఉంది. దాన్ని విప్పి బాంబు బయటికి తీశాడు.

"తీసేశావనుకున్నాను," అంది మార్లేనే.

"తీశాను," అన్నాడతను నేల చూస్తూ. "బల్బు."

"ముఠాను నమ్మకుండా ఇన్నాళ్ళు బతికాను. నిన్ను నమ్మి ఇవాళ చచ్చేదాన్ని."

అతను ఫోన్ తీసి చీఫ్‌కు విషయం చెప్పాడు, బల్బు సంగతితో సహా. గంటలో మెడవాడు విమానాశ్రయంలో దొరికాడు.

"తిట్లు తర్వాత," అంది దోన్యా ఓర్తెన్సియా. "ఇంకా బతికే ఉన్నాం కాబట్టి ఆకలేస్తోంది."

రోడ్డు పక్క పూటకూళ్ళ పాకలో ముగ్గురూ కూర్చున్నారు. పల్లీల సూపు, మిరపపచ్చడి, రొట్టె వచ్చాయి. మార్లేనే రొట్టె విరిచి, అతని వంక చూడకుండానే సగం అతని పళ్ళెం పక్కన పెట్టింది. లింబెర్ట్ తల ఎత్తలేదు. ముగ్గురూ తిన్నారు.