ఇరవై రెండు గుప్పిళ్ల గడ్డి

“గొర్రెపిల్ల సచ్చిపోయింది,” అంటూ ఆ అమ్మాయి చేతిసంచిని గాజు బల్ల మీద పెట్టింది.

ఖాదర్ వలి తల ఎత్తలేదు. కంటికి భూతద్దం బిగించుకుని, ఆడవాళ్ల వాచీలోని వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టుకుని ఉన్నాడు. అరగంట నుంచి అది అతన్ని ఏడిపిస్తోంది. పశువుల ఆసుపత్రి ఇది కాదనీ, అది ఊరి చివర ఉందనీ, ఈ రోజు ఆదివారం కాబట్టి అక్కడ కూడా ఎవరూ ఉండరనీ ఒక్క గుక్కలో చెప్పేసి మళ్లీ స్ప్రింగు మీదికి వంగాడు.

“పానమున్నది కాదు. బ్యాటరీది,” అంది ఆమె.

స్ప్రింగు ఎగిరిపోయింది. దాన్ని వెతకడానికి ఖాదర్ నేల మీద మోకాళ్లూనాడు. బల్ల అవతలి నుంచి ఆమె కూడా వంగి, అతనికంటే ముందు దాన్ని చూసి, వేలికొనకు అంటించుకుని ఇచ్చింది. థాంక్స్ చెప్పాలని కూడా అతనికి తోచలేదు. ఆమె కళ్లు చూశాడో, స్ప్రింగు చూశాడో ఆ తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆదోని పాత బస్టాండు పక్కన అతనికి వాచీలూ రేడియోలూ రిపేరు చేసే షాపు ఉంది. ఆ ఏడు జూన్‌లో, అంటే ఎనభై ఆరులో, ముహూర్తాలు మెండుగా ఉన్నాయి. కొత్త అల్లుళ్ల వాచీలతో డ్రాయరు నిండిపోయింది. అట్లాంటి సమయంలో ఆమె సంచిలోంచి తీసింది, అరచేతిలో ఇమిడే నీలం రంగు ప్లాస్టిక్ పెట్టె. మధ్యలో చిన్న అద్దం. అద్దంలో నల్లటి గీతల గొర్రెపిల్ల నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తి పడుకుని ఉంది. కింద మూడు మీటలు. ఒకటి నొక్కితే గడ్డి, ఒకటి నొక్కితే నీళ్లు, మూడోది నొక్కితే బ్రష్షుతో ఒళ్లు తోమడం. పొద్దున మొదలుపెట్టి బాగా సాకితే మధ్యాహ్నానికి పిల్ల పెద్ద గొర్రె అవుతుందని, అప్పుడు పాట వస్తుందని అట్టపెట్టె మీద బొమ్మలున్నాయి. రాతంతా జపాను వాళ్లది. దీన్ని వీడియో గేమ్ అంటారని ఆమె చెప్పింది.

ఆమె పేరు జొహరాబీ. ఎమ్మిగనూరులో దుప్పట్ల వ్యాపారం చేసే ఉస్మాన్ సాబ్ కూతురు. ఇంటి ముందరి వసారాలో చిన్నపిల్లల బడి నడుపుతోంది. పిల్లలు కుక్కల తోకలకు డబ్బాలు కడుతున్నారని, మూగజీవాన్ని ఎట్లా చూసుకోవాలో నేర్పిద్దామని, సౌదీలో ఉన్న అన్న అబ్దుల్ గనీ పంపిన ఈ గేమును బళ్లోకి తెచ్చింది. ఇప్పుడు రోజూ పదకొండు గంటలకల్లా గొర్రెపిల్ల చచ్చిపోతోంది. ఇరవై ఇద్దరు పిల్లలు గొంతెత్తి ఏడుస్తున్నారు. ఆపి మళ్లీ వేస్తే బతుకుతుంది, మర్నాడు పదకొండుకు మళ్లీ చస్తుంది. ఎమ్మిగనూరులో వాచీల ఆయన ఆ పెట్టెను చేత్తో కూడా ముట్టుకోలేదట.

తెలివైనవాడు, అనుకున్నాడు ఖాదర్. పైకి మాత్రం సెల్లు మార్చి ఇచ్చి, ఇంక చావదని భరోసా ఇచ్చాడు.

మరుసటి ఆదివారం వానలో తడిసి వచ్చి బల్ల మీద మళ్లీ శవాన్ని పెట్టింది. అతను పెట్టె విప్పి, పెట్రోలుతో లోపలి రేకులన్నీ తుడిచి ఇచ్చాడు. ఆ పై ఆదివారం మీటల కింది రబ్బరు మార్చాడు. ఆ పై ఆదివారం కూడా ఆమె వచ్చింది. గొడుగు మడుస్తూ, చెడిపోయింది గొర్రెపిల్లా లేక రిపేరు చేసే ఆయనా అని చాలా మర్యాదగా అడిగింది. ఖాదర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఒకరోజు నా దగ్గర వదిలిపొమ్మన్నాడు. టీ తాగి, సాయంత్రం బస్సుకు పోతూ తీసుకుంటానని ఆమె ఊళ్లోనే ఉన్న మేనత్త ఇంటికి వెళ్లింది.

ఆ రోజు ఖాదర్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. వాచీ వెనక మూత తీస్తే చాలు, గొర్రెపిల్ల కీకీమని ఆకలంటుంది. రేడియో సోల్డరింగు మధ్యలో దాహమంటుంది. గిరాకీదారు ఒకాయన పెళ్లివాచీ గురించి నిలదీస్తుంటే, ఒక్క నిమిషం అని చెప్పి దాని ఒళ్లు తోమాల్సి వచ్చింది. ఆయన అతన్ని పైనుంచి కిందికి చూసి, వాచీ వెనక్కి తీసుకుని పోయాడు. రెండు గంటలకు గొర్రెపిల్ల పెద్దదై, కొమ్ములొచ్చి, పాట పాడింది. పెట్టెలో ఏ దోషమూ లేదు.

ఆ మాటే సాయంత్రం ఆమెతో అన్నాడు. నా చేతిలో బతికింది గదా అన్నాడు.

“అంటే మా పిల్లోళ్ల సేతుల్లో దోషముందంటారా?”

అట్లా అనలేదన్నాడు. అట్లాగే అన్నారని ఆమె అంది. పిల్లలెవరూ దాన్ని అలక్ష్యం చేయరనీ, ఇరవై ఇద్దరూ వరస కట్టి తలా ఒక గుప్పెడు పెడతారనీ, ఒక్కరు కూడా తప్పిపోకుండా తానే నిలబడి చూస్తాననీ కోపంగా చెప్పి, పెట్టె లాక్కుని బస్సెక్కింది. పీడ వదిలిందనుకున్నాడు ఖాదర్. అరగంట తర్వాత కూడా బస్టాండు వైపే చూస్తున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

పై ఆదివారం ఆమె గొడవ పడలేదు. అది అతన్ని మరీ ఇబ్బంది పెట్టింది. బడి మీదికి వచ్చింది సంగతి. పత్తి మిల్లులో కూలికి పోయే హనుమంతమ్మ వచ్చి, బడికి పంపితే బిడ్డ ఏడ్చుకుంటా వస్తాంది, అన్నం ముట్టడం లేదు, ఇట్లయితే మాన్పిస్తానని వాకిట్లో నిలబడి చెప్పి పోయిందట. గేమును బళ్లోంచి తీసేద్దామంటే, గొర్రెపిల్లను యాడ పూడ్చిపెట్టినావని పిల్లలు ఇంకా ఏడుస్తారు. ఈసారి ఎన్ని రోజులైనా ఉంచుకోండి, బతికించి ఇవ్వండి అంది జొహరా.

ఆమె వెళ్లాక హాలహర్వి నుంచి గిడ్డయ్య వచ్చాడు. గొర్రెల కాపరి. మంద వెనక తిరుగుతూ వినే ట్రాన్సిస్టర్ తెచ్చాడు. బల్ల మీది గొర్రెపిల్లను చూసి ముచ్చటపడి, ఇదేమిటని అడిగాడు. ఖాదర్ విసుగ్గా కథంతా చెప్పాడు. తలా ఒక గుప్పెడు అనే దగ్గర గిడ్డయ్య చెయ్యెత్తి ఆపాడు.

“ఇరవై రెండు గుప్పిళ్లా? గొర్రె పస్తుకు తొందరగా సావదప్పా, మేత ఎక్కువైతే సస్తాది. తొలకరికి పచ్చిగడ్డి మొలిస్తే మేము మందను దాంట్లేకి ఇడ్సం. సాలు అనేది దానికి రాదు. పొట్టుబ్బి మద్యాన్నానికి కాళ్లు తన్నుకుంటాది.”

ఖాదర్ గడ్డి మీటను ఇరవై రెండుసార్లు నొక్కాడు. పది నిమిషాల్లో గొర్రెపిల్ల కాళ్లు పైకెత్తింది.

ఇంతే సంగతి. ఇంటికొచ్చిన వాళ్లకు ప్రతి ఒక్కరూ కొసరి వడ్డించాలి, నా చేతిది తినలేదంటే అలగాలి, మన ఇళ్లలో మర్యాద అది. పిల్లలు నేర్చుకున్నదే చేశారు. ఆ టీచరమ్మ ఎవరికీ అన్యాయం జరగకూడదని వరస కట్టించి మరీ చేయించింది. జపాను వాడికి ఈ మర్యాద సంగతి ఏం తెలుసు?

ఆ సాయంత్రమే ఎమ్మిగనూరుకు ఒక కార్డు రాసి పడేసి ఉంటే కథ అయిపోయేది. ఖాదర్ కార్డు తీశాడు కూడా. రెండు వాక్యాలు రాశాక కలం ఆగింది. ఇది బాగైపోతే ఆమె ఇంక ఎందుకు వస్తుంది? కార్డు డ్రాయర్లో వేసి, తనను తాను తిట్టుకుని, మళ్లీ తీయలేదు.

ఆదివారం ఆమె వస్తే, మద్రాసు నుంచి ఒక పార్టు రావాలని చెప్పాడు. చెప్పేటప్పుడు చెవులు కాలాయి. ఆమె నమ్మింది. వాన వెలిసేదాకా షాపు ముందరి బెంచీ మీద కూర్చుంది. పై ఆదివారం కూడా కూర్చుంది. ఒకటో తరగతి చదవకుండానే లెక్కలు చేసే పిల్ల గురించి చెప్పింది, మంత్రాలయం బస్సులో చెప్పులు పోగొట్టుకున్న మేనత్త గురించి చెప్పి నవ్వించింది. నీకు చిన్నప్పటి నుంచీ ఈ కోపమేనా అని అతను అడిగితే, మీ షాపులో అడుగుపెట్టినాకే వచ్చిందని అంది. ఖాదర్‌కు వారంలో ఆరు రోజులు దండగ అనిపించడం మొదలైంది. మూడో ఆదివారానికి అతను కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. తల్లి నసీబ్‌బీ చూసి, పండగ ముందే వచ్చిందా అని అడిగింది.

ఆ మూడో ఆదివారం జొహరా కూర్చోలేదు.

అయిదుగురు పిల్లలు బడి మానేశారు. గొర్రెపిల్ల ఇంక రాదని, సచ్చిపోయిందని టీచరమ్మ దాచిపెడుతోందని వాళ్లలో వాళ్లు తేల్చుకున్నారట. బక్రీదులోగా బడి మూసేయమని తండ్రి గట్టిగా చెప్పాడు. గూడూరు నుంచి సంబంధం వచ్చింది, వాళ్లకు కోడలు పాఠాలు చెప్పడం ఇష్టం లేదు. నడిచే బడిని చూపించి తండ్రితో వాదించాలనుకుంది, ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.

“పార్టు వచ్చిందా?” అని అడిగింది. గొంతులో ఎగతాళి లేదు, కోపం లేదు.

ఆ గొంతు విన్నాక అతనికి అబద్ధం రాలేదు.

“పార్టు లేదు. అది సెడిపోనే లేదు. నాకు మూడు వారాల కిందటే తెలుసు.”

“మరి ఎందుకు సెప్పలేదు?”

“సెప్తే మీరు రారు గదా.”

ఆమె బల్ల మీది పెట్టె తీసుకుంది.

“నాకు అయిదుమంది పిల్లోళ్లు పోయినారు. మీకు మూడు ఆదివారాలు కలిసొచ్చినాయి,” అంది. గొడుగు తెరవకుండానే వానలోకి దిగి పోయింది.

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. బస్సు కదిలాక గుర్తొచ్చింది, చెడిపోలేదని చెప్పాడు గానీ ఎందుకు చస్తోందో చెప్పనే లేదు. తలుపు చెక్కకు తల బాదుకోవాలనిపించింది. ఇంత చేతగాని మనిషిని ఆదోనిలో ఇంకొకణ్ని చూపించడం కష్టం.

సోమవారం షాపు తెరవకుండా మొదటి బస్సెక్కాడు. అది ఎమ్మిగనూరుకు రెండు మైళ్ల ఇవతల టైరు దిగి, అరగంటైనా కదలలేదు. ఆ రెండు మైళ్లూ నడిచి, మోకాళ్ల దాకా బురదతో ఉస్మాన్ సాబ్ ఇంటి వసారా ముందు నిలబడ్డాడు. లోపల పదహారు మంది పిల్లలు. జొహరా అతన్ని చూసి మొహం తిప్పుకుంది. కూతుర్ని మాన్పించడానికి వచ్చిన హనుమంతమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని వాకిట్లో ఉంది. ఒక్క పూట ఆగమ్మా అని ఆమెను బతిమాలాడు ఖాదర్. పెట్టె ఇమ్మని జొహరాను బతిమాలాడు. ఆమె తెచ్చి ఇచ్చింది.

అతను నేల మీద కూర్చుని పిల్లలకు చెప్పాడు. గొర్రెపిల్ల మీ మీద ప్రేమతో అందరి చేతిదీ తినేస్తోంది, కడుపు ఉబ్బి చస్తోంది. ముగ్గురే గడ్డి పెట్టాలి. నలుగురు నీళ్లు, ముగ్గురు ఒళ్లు తోమడం. మిగిలిన వాళ్లు చుట్టూ కూర్చుని అది ఏడుస్తుందేమో కనిపెట్టాలి.

హనుమంతమ్మ కూతురు తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చింది. “మరి మేము పెట్టకపోతే మాకు దాని మీద పేమ లేదనుకుంటాది గదా?”

“అనుకోదమ్మా,” అన్నాడు ఖాదర్. “పక్కన కూసుంటే దానికి తెలుస్తాది. నాకు తెలుసు.”

పలక తుడుస్తున్న జొహరా చెయ్యి ఆగింది.

పదకొండు దాటింది, గొర్రెపిల్ల చావలేదు. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పన్నెండున్నరకు దానికి కొమ్ములు మొలిచి పాట వచ్చింది. పదిహేడు మంది ఒక్కసారి అరిచిన అరుపుకు వీధిలో వాళ్లు పరుగెత్తుకొచ్చారు. కూతురు గెంతడం చూసి హనుమంతమ్మ, సాయంత్రం వచ్చి తోడుకోని పోతాలే అని మిల్లుకు వెళ్లిపోయింది. ఆ మానేసిన పిల్లల్లో ఇద్దరు అప్పటికే గోడ ఎక్కి చూస్తున్నారు.

ఉస్మాన్ సాబ్ దుప్పట్ల మూటలు వదిలి బయటికొచ్చాడు. బురద కాళ్లతో పిల్లల మధ్య కూర్చున్న మనిషిని చూసి, ఎవరప్పా నువ్వు అని అడిగాడు.

ఖాదర్ లేచి నిలబడ్డాడు. ఈసారి ఏమీ దాచుకోలేదు. సెడిపోని దాన్ని మూడు వారాలు అట్టిపెట్టుకున్నాననీ, మీ కూతురు షాపుకు రావడం మానేస్తుందని భయపడ్డాననీ, దాని వల్ల బడికి నష్టం జరిగిందనీ చెప్పాడు. తప్పు నాది, మీ కూతురిది కాదు, బడి మూయించొద్దని చేతులు జోడించాడు.

ఉస్మాన్ సాబ్‌కు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. మాట చాతగాక సెడిపోనిదాన్ని రిపేరు చేసేవాడు దొరికినాడే అని గొణిగి, కూతురి వైపు తిరిగాడు.

“గూడూరోళ్లకు ఏమని రాయల్ల?”

“బడి మూసేది లేదని రాయండి అబ్బా,” అంది జొహరా తండ్రితో. ఆ తర్వాత ఖాదర్ వైపు చూసి, “ఇంక ఆదివారం నేను ఆదోనికి రాను,” అంది.

ఖాదర్ సరేనన్నట్టు తల ఊపి, చెప్పుల కోసం మెట్లు దిగాడు.

“మీరే రావల్ల,” అంది ఆమె వెనకనుంచి. “మీ అమ్మను తోడుకోని.”