మనిషుంటేనే నిలిచే లింకు

ఆదివారం మధ్యాహ్నం రాంగోపాల్‌పేట్ సగం నిద్రలో ఉంటుంది. షట్టర్లు దించిన దుకాణాల ముందు నుంచి వసుధ నడుచుకుంటూ బ్లడ్ బ్యాంక్ పాత బిల్డింగు చేరేసరికి వాన మొదలైంది. గొడుగు తేలేదు. తల మీద చున్నీ కప్పుకుని మెట్ల కింద నిలబడితే వాచ్‌మన్ పర్వతాలు తాళాల గుత్తి పట్టుకుని వచ్చాడు.

“ఏంది బిడ్డా, ఐతారం సుత తక్లీఫేనా?”

“దవాఖాన లింకు పోతున్నది తాతా. పోతది, దానంతటదే వస్తది. కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూసిపోయిన్రు. వాళ్లున్నంతసేపు మంచిగనే ఉన్నది. అటు పోంగనే మల్ల షురూ.”

పర్వతాలు తాళంలో చెవి పెట్టి ఆగాడు. “ధర్మరాజు సారు ఉన్నప్పుడు గిట్ల లేకుండె” అన్నాడు మెల్లగా.

ధర్మరాజును వసుధ చూడలేదు. ఇక్కడి కంప్యూటర్లు చూసుకునే ఆయన ఉద్యోగమే ఈమెకు వచ్చింది. భీమవరం వైపు మనిషి, ఇక్కడ నా అన్నవాళ్లు లేరు. లాక్‌డౌన్‌లో సర్వర్ చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలంటే, ఆయనే పరుపు తెచ్చుకుని సర్వర్ గదిలోనే ఉండిపోయాడట. ఏసీ చలికి ఎండాకాలంలో కూడా ఉన్ని స్వెట్టర్ వేసుకునేవాడట. అక్కడే ఎప్పుడు ప్రాణం పోయిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. సర్వర్ నడుస్తూనే ఉంది కనుక, ఆయన కూడా ఉన్నాడనే అందరూ అనుకున్నారు.

వసుధ మెట్లెక్కింది. సెలవు రోజు పిలిచారని ఆమెకు కోపం రాలేదు. బోయిగూడలో మేడ మీద ఒంటి గది ఆమెది. ఆదివారం అక్కడ ఫోన్ మోగడమే అపురూపం.

సర్వర్ గదికి కిటికీలు లేవు. తలుపు వేసుకోగానే వాన చప్పుడు ఆగిపోయింది. ఫ్యాన్ల హోరు, చల్లని గాలి, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. కుర్చీ లాక్కుని కూర్చుని పద్మారావు నగర్‌లోని ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కడ ప్రసూతి వార్డులో ల్యాబ్ టెక్నీషియన్ జెరెమియా.

“అక్కా, ఇప్పుడే మల్ల పోయింది” అన్నాడు ఆయాసపడుతూ. “కాన్పు పేషెంటుకు రక్తం ఆగుతలేదు. బ్యాగులు వచ్చినయి గానీ, రక్తం కలిసిందన్న మ్యాచ్ రిపోర్టు స్క్రీన్ మీద చూడనిది డాక్టర్ మేడం ఎక్కియ్యదట. జెర జల్ది చూడున్రి.”

వసుధ రూటింగ్ టేబుల్ తెరిచింది. ఏ ఊరి మాట ఏ దారిన పోవాలో సర్వర్ రాసిపెట్టుకునే పట్టిక అది. అందులో ఆమె రాయని ఒక వరుస ఉంది. ఆసుపత్రికి పోవలసినవన్నీ బయటికి పోకుండా, ఈ బిల్డింగులోనే ఏదో తెలియని అడ్రసుకు పోతున్నాయి. వరుస తీసేసింది. చూస్తుండగానే మళ్లీ వచ్చింది. ఎవరైనా బయటినుంచి లాగిన్ అయ్యారేమోనని చూసింది. ఆమె తప్ప ఎవరూ లేరు.

ఆ అడ్రసు, తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెలో ఏ తీగ మీద ఉందో వెతికి పట్టుకుంది. నీలం తీగ. చేత్తో తడుముతూ ర్యాకు వెనక్కి, అక్కడి నుంచి చెక్క అడ్డుగోడ అవతలికి వెళ్లింది. పాత క్యాబిన్. చుట్టి గోడకు ఆనించిన పరుపు. తీగ కొస నేల మీద పడి ఉంది.

దేనికీ తగిలించి లేదు.

వెనక్కి వచ్చి ఆ తీగను స్విచ్‌లోంచి పీకేసింది. అయినా తీగ పీకిన చోట పచ్చ లైటు మిణుకుమంటూనే ఉంది.

అప్పుడే కరెంటు పోయింది. సర్వర్ యూపీఎస్ మీద నడుస్తోంది, గది మాత్రం చీకటి. ఏసీ ఆగిపోయింది. కానీ చలి తగ్గలేదు... ఇంకా పెరిగింది.

వసుధ ఆ అడ్రసుకు పింగ్ కొట్టింది. పింగ్ అంటే ఒక పిలుపు. ‘ఉన్నావా’ అని అడిగితే, అవతలి యంత్రం ‘ఉన్నా’ అంటుంది. జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో పక్కన అంకె పడుతుంది. దూరమైతే పెద్ద అంకె.

పెద్ద అంకే వచ్చింది. ఎక్కడో ఢిల్లీలో ఉన్నంత దూరం. తర్వాతది దానికంటే తక్కువ. తర్వాతది ఇంకా తక్కువ. ఊరి పొలిమేర... వీధి చివర... కింద మెట్ల దగ్గర...

ఉన్నా. ఉన్నా. ఉన్నా.

అంకె సున్నాకు ఆనుకుంది. తన యంత్రాన్ని తనే పిలుచుకుంటే తప్ప అంత తొందరగా జవాబు రాదు.

తడిసిన ఉన్ని వాసన వచ్చింది. భుజం వెనకాలే... ఎవరో ముక్కుతో మెల్లగా గాలి పీల్చారు.

“ఎవరు?” అంది వెనక్కి తిరగకుండానే.

ఫోన్ మోగింది. “అక్కా, వచ్చింది! ఏం చేసిన్రో గానీ, అట్లనే ఉంచున్రి!”

వసుధ లేచి తలుపు వైపు రెండడుగులు వేసింది. అంతే... స్క్రీన్ మీద జవాబులు ఆగిపోయాయి. “అయ్యో, పోయింది అక్కా!” ఫోన్‌లో జెరెమియా అరుపు. ఆ వెనకాల ఒక ఆడమనిషి మూలుగు.

తలుపు గడియ మీద చెయ్యి ఉంది. తీస్తే మెట్లు, వాన, వెలుతురు. ఆ మూలుగు మళ్లీ వినిపించింది. వసుధ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది.

లింకు వచ్చింది.

“ఉంటా సారూ” అంది గుసగుసగా, కళ్లు గట్టిగా మూసుకుని. “జెరంతసేపు... ఉంటా.”

పక్కన రెండో కుర్చీ కిర్రుమంది. ఎవరో తీరిగ్గా చేరగిలబడినట్టు. ఎంతసేపు అలా కూర్చుందో ఆమెకే తెలియదు. వింత ఏమిటంటే, కొంతసేపటికి భయం పలచబడింది. పక్కన ఇంకొకరి ఊపిరి వింటూ కూర్చుని ఆమెకు ఏళ్లయింది. రక్తం ఎక్కించారని జెరెమియా చెప్పేదాకా కదల్లేదు. చెప్పాక, వెనక్కి చూడకుండా మెట్లు దిగి, సంధ్య వెలుగులో తడుస్తూ ఇంటికి నడిచిపోయింది.

సోమవారం పొద్దున స్టవ్ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది.

“తల్లీ బిడ్డా మంచిగున్నరక్కా. రాత్రి ఒక్కసారి సుత లింకు పోలె. పాపం, మీరు రాత్రంత అక్కడనే ఉంటిరి.”

“లేదు జెరెమియా. పొద్దుగూకంగనే ఇంటికొచ్చిన.”

“మజాక్ చేయకున్రి. బ్లడ్ బ్యాంక్ లాండ్‌లైన్ నుంచి రాత్రంత మాట్లాడితిరి గద. ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నా, రోజు ఇద్దరికి చాయ్ పెడ్తనని చెప్పిన్రు... నాకు ఏడుపొచ్చింది.”

వసుధ ముందు రెండు గ్లాసులున్నాయి. రెండింట్లోనూ పొగలు కక్కుతూ చాయ్. ఈ గదిలోకి ఇంతవరకు ఎవరూ వచ్చింది లేదు. ఈ అలవాటు సంగతి ఆమె ఎవరికీ చెప్పింది లేదు.

అటువైపు వార్డులో ఇంకో ఫోన్ మోగింది. “ఆగున్రి అక్కా, బ్లడ్ బ్యాంక్ నుంచే” అంటూ జెరెమియా ఎత్తాడు. ఆ ఫోన్‌లోంచి సన్నగా, దూరంగా, వసుధ గొంతు వసుధకే వినిపించింది.

“జెరెమియా... ఇక్కడ ఇద్దరమే ఉన్నం. జెర నువ్వు సుత రారాదూ...”

జెరెమియా రెండు ఫోన్లూ పట్టుకునే ఉన్నాడు.

“వసుధక్కా...” అన్నాడు. “మీరేనా?”

వసుధ నోరు తెరిచేలోపే, ఆ రెండో ఫోన్‌లోంచి “నేనే” అని జవాబు వచ్చింది.