ఎనిమిదో ప్రమాదానికి కారణం

గాబ్రొవో ఊళ్లోని మేజోళ్ల ఫ్యాక్టరీలో అందరికంటే ఎక్కువ దెబ్బలు తగిలించుకున్నది ఎవరో తేలేసరికి సేఫ్టీ ఆఫీసర్ లుబెన్ ముఖం పాలిపోయింది. ఆ ఘనుడు తనే.

ఆరేళ్ల ప్రమాదాల రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ప్యాకింగ్‌లో ఉండే ఇస్క్రాకు అప్పగించారు. రెండుసార్లు రాసినవి తీసేసి, తేదీలు సరిచేసి, ఆమె జాబితా తయారుచేసింది. మెషీన్ల మీద పనిచేసేవాళ్లకు ఏడాదికి ఒకటో రెండో దెబ్బలు. లుబెన్‌కు ఐదు నెలల్లో ఏడు. తోపుడుబండికి మోకాలు, స్తంభానికి నుదురు, నిచ్చెనకు ముక్కు. అన్నీ ప్యాకింగ్ గది కిటికీ ఎదుటే. కారణం అన్నచోట ప్రతిసారీ ‘కిటికీ అద్దం మీంచి ఎండ కళ్లలో పడింది’ అని తన గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ఊరందరికీ హెల్మెట్ పాఠాలు చెప్పే పెద్దమనిషి మరి.

డైరెక్టర్ ఆ జాబితా చూశాడు. కిటికీ ప్రమాదకరమని తేల్చి, సోమవారం నుంచి ప్యాకింగ్ వాళ్లంతా పక్క ఊరు సెవ్లియెవోలో ఉన్న షెడ్డుకు మారాలన్నాడు. అంటే ఇస్క్రా కూడా. లుబెన్ ఇక దాచి లాభం లేదని రికార్డుల గదికి వెళ్లి, ఆ కారణాలు తప్పని ఒప్పుకున్నాడు.

ఇస్క్రా స్క్రీన్ మీంచి తల తిప్పలేదు.

“నాకూ అనుమానంగానే ఉందండీ. నాలుగు దెబ్బలు డిసెంబర్లో తగిలాయి. మోకాలిదాకా మంచు పడితే ఎండెక్కడ దొరికింది మీకు? సరే, ఏం రాయమంటారు?”

“మీ పేరు రాయండి. మిమ్మల్ని చూస్తూ నడిచాను.”

ఆమె వేళ్లు ఆగిపోయాయి. “ఏడుసార్లూనా?”

“రిజిస్టర్లో రాయనివి ఇంకా ఉన్నాయి.”

ఇస్క్రా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటూ, ఏడుచోట్లా ‘పరధ్యానం’ అని కొట్టింది. “మళ్లీ జరక్కుండా ఏం చేయాలో కూడా రాయాలి కదా. ఆదివారం కాఫీకి రండి. నడుస్తూ కాదు, కూర్చుని చూడండి.”

డైరెక్టర్‌కు కూడా లుబెనే నిజం చెప్పాడు. ఆయన కడుపుబ్బ నవ్వి, తరలింపు కాగితం చింపేశాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఎవరు ఎదురైనా, ఎండగా ఉంది జాగ్రత్త అనేవారే.

మార్చి ఒకటిన ఇస్క్రా అతనికి, వసంతం వస్తోందని అక్కడివాళ్లు చేతికి కట్టుకునే ఎరుపూ తెలుపూ దారం తెచ్చింది. మెషీన్ల దగ్గర చేతికి దారాలు కట్టుకోకూడదని గేటు మీద నోటీసు అంటించింది అతనే కాబట్టి, చొక్కా గుండీకి కట్టించుకున్నాడు. ఆ ఏడు పూసిన మొదటి చెట్టు కంటపడగానే ఆ దారం విప్పి కొమ్మకు కట్టేయాలని ఆచారం. మూడు వారాలకు గేటు పక్క రేగడి నేలలోని ప్లమ్ చెట్టు పూసిందని అందరూ అంటుంటే విన్నాడు. విప్పబుద్ధి కాక, రోజూ కళ్లు మూసుకుని గేటు దాటాడు. మూడోరోజు గేటు స్తంభం ఎదురొచ్చింది.

నుదుటి మీద బొప్పితో వచ్చిన అతణ్ణి కూర్చోబెట్టి, ఇస్క్రా ఎనిమిదో రికార్డు తెరిచింది. “కారణం?”

“నువ్వు కట్టిన దారం. విప్పాల్సొస్తుందని చెట్టువైపు చూడలేదు.”

ఆమె ఏమీ రాయలేదు. చెయ్యి పట్టుకుని చెట్టు దాకా తీసుకెళ్లి, తనే దారం విప్పి పూలకొమ్మకు కట్టింది.

“ప్రతి మార్చికీ నేనే కడతాను. ఇక కళ్లు తెరిచి నడువు” అంది.